హిమాలయ ట్రెక్కింగ్‌కు సన్నాహం: వీపు మీది చిన్న సంచిలో ఏముండాలి?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న తర్లగూడ సముద్ర మట్టానికి రెండు వందల మీటర్ల ఎత్తు కూడా లేని ఊరు. తునికాకు సేకరణ సాగే మే నెలలో ఈ గోదావరి లోయలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. సరిగ్గా అవే రోజుల్లో హిమాలయాల్లో ట్రెక్కింగ్ ఊపందుకుంటుంది. అక్కడ 4,000 మీటర్ల ఎత్తున రాత్రివేళ పాదరసం సున్నాకు దిగువన ఉంటుంది. ఇక్కడి నుంచి బయలుదేరిన యువకుడు రోజుల వ్యవధిలో దాదాపు యాభై డిగ్రీల తేడాను ఎదుర్కోవలసి వస్తుంది. ఆ తేడాను మోసుకుపోవడానికి అతని వద్ద ఉండేది ఒక సంచి మాత్రమే.

ఈ ప్రాంతం వారికి పర్వతారోహణ పరాయి విషయమేమీ కాదు. తర్లగూడ నుంచి వాజేడు, వెంకటాపురం దాటితే వచ్చే చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్నారు. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులైన వీరిద్దరూ భువనగిరి కొండపై శిలారోహణతో మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, లద్దాఖ్ శీతాకాలపు చలికి అలవాటుపడిన తరువాతే ఎవరెస్టుకు వెళ్లారు. బస్తర్ జిల్లాకు చెందిన నైనా సింగ్ ధాకడ్ 2021 జూన్ 1న అదే శిఖరాన్ని అధిరోహించారు. అంతకు చాలా ముందే, 2006లో, నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి రికార్డు సృష్టించారు. కోరుకొండ సైనిక పాఠశాల పూర్వ విద్యార్థి, 1985లో ఎవరెస్టు యాత్రలో మరణించిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కరరావు విగ్రహమే ఆయనకు స్ఫూర్తి. అంతటి అనుభవశాలి అయిన మస్తాన్‌బాబు సైతం 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు.

వీరంతా శిక్షణ పొందిన పర్వతారోహకులు. సెలవు పెట్టి వారం పది రోజులు నడిచి రావాలనుకునే సాధారణ యాత్రికుల సంగతి వేరు. వారికి చాలా సందర్భాల్లో శిక్షణ ఉండదు, చేతిలో నిర్వాహక సంస్థ ఇచ్చిన ఒక జాబితా మాత్రం ఉంటుంది.

సహస్ర తాల్ దుర్ఘటన

2024 జూన్ తొలి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్ర తాల్ మార్గంలో 22 మంది బృందం మంచుతుపానులో చిక్కుకుంది. 4,000 మీటర్లకు పైబడిన ఎత్తులో, శిబిరానికి చేరుకోలేక, రాత్రంతా ఆరుబయట గడపవలసి వచ్చింది. కర్ణాటకకు చెందిన తొమ్మిది మంది ట్రెక్కర్లు చలికి మరణించారు. మిగిలిన 13 మందిని వైమానిక దళ హెలికాప్టర్లు, విపత్తు సహాయక బృందాల తోడ్పాటుతో రక్షించారు. అది జనవరి కాదు, మైదానాల్లో ఎండలు మండుతున్న జూన్ నెల.

హిమాలయ మార్గాల్లో ప్రతి యాత్రికునికీ సాధారణంగా రెండు సంచులుంటాయి. పెద్దదానిని కంచర గాడిద గానీ కూలీ గానీ మోసుకొని ముందే శిబిరానికి చేరుస్తారు. నీళ్లు, తినుబండారాలు, ఫోను ఉన్న చిన్న సంచి యాత్రికుని వీపు మీద ఉంటుంది. మందపాటి జాకెట్టు, స్లీపింగ్ బ్యాగ్, పొడి బట్టలు అన్నీ పెద్ద సంచిలోనే ఉండిపోతాయి. వాతావరణం అనుకూలంగా ఉన్నంతవరకు ఈ ఏర్పాటులో ఇబ్బంది లేదు. దారిలో తుపాను పట్టుకుంటే, దారి తప్పితే, కాలు బెణికి నడవలేకపోతే పెద్ద సంచి ఎంత ఖరీదైనదైనా అక్కరకు రాదు. అందువల్ల సర్దడం చిన్న సంచితోనే మొదలుపెట్టాలి. ఒక రాత్రి బయట చిక్కుకుపోతే తెల్లవారేదాకా ఓర్చుకోవడానికి ఏం కావాలన్నదే దానికి కొలత.

ఆ కొలతకు సరిపోయేవి ఎక్కువేమీ కావు. వాన, గాలి రెండింటినీ ఆపే జాకెట్టు, దాని లోపల వేసుకోవడానికి వెచ్చని మరో జాకెట్టు. పొడిగా చుట్టి ఉంచిన ఒక జత చేతి తొడుగులు, ఒక జత మేజోళ్లు, చెవులు కప్పే ఉన్ని టోపీ. తలకు కట్టుకునే లైటు, దానికి అదనపు సెల్స్. కనీసం లీటరున్నర నీరు, ఒక పూటకు సరిపడా ఆహారం. సొంత మందులు, ఈల, అగ్గిపెట్టె లేదా లైటరు. వీటికి తోడు, మనిషి మోకాళ్లు ముడుచుకొని లోపల కూర్చోగలిగినంత పెద్ద మందపాటి పాలిథిన్ సంచి ఒకటి. ముఖం మాత్రం బయటికి ఉంచి ఆ సంచిలో కూర్చుంటే ఒళ్లు తడవదు, గాలి వేడిని లాగేయదు. ధర నామమాత్రమే అయినా ఈ పాలిథిన్ సంచి చాలా జాబితాల్లో కనిపించకపోవడం ఆశ్చర్యకరం. అన్నీ కలిపి ఐదారు కిలోలకు మించవు.

నూలు బట్టతో ప్రమాదం

గోదావరి తీరంలో నూలు వస్త్రానికి మించినది లేదు. చెమటను పీల్చి, నెమ్మదిగా ఆరుతూ ఒంటిని చల్లబరచడం దాని గుణం. పర్వతాల మీద ఈ గుణమే ముప్పు తెస్తుంది. ఎక్కేటప్పుడు పట్టిన చెమటతో తడిసిన బనియను, నిలబడిన ఐదు నిమిషాల్లో ఒంటి వేడిని లాగేయడం మొదలుపెడుతుంది. జీన్స్ ప్యాంటు మరీ ప్రమాదకరం. తడిస్తే బరువెక్కుతుంది, రెండు రోజులైనా ఆరదు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని అంచనా. గాలి తోడైతే శరీరానికి తగిలే చలి అంతకంటే ఎక్కువ.

అందుకే ఒకే మందపాటి కోటుకు బదులు పొరలు పొరలుగా ధరించే పద్ధతిని పర్వతారోహణ సంస్థలు నేర్పుతాయి. ఒంటికి అంటుకొని ఉండే పొర సింథటిక్ లేదా మెత్తని ఉన్నిది. దానిపై ఫ్లీస్, అన్నిటికీ పైన వానను, గాలిని ఆపే పొర. ఈకలు లేదా దూది వంటి సింథటిక్ నార నింపిన బరువైన జాకెట్టు నడిచేటప్పుడు వేసుకోవడానికి కాదు, ఆగినప్పుడు వేసుకోవడానికి. నడుస్తూ దానిని వేసుకున్నవారు చెమటతో లోపలి నుంచి తడిసిపోతారు. చెమట పట్టకముందే ఒక పొర తీసివేయడం, చలి వేయకముందే ఒక పొర వేసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఎండకాలంలో పుట్టి పెరిగినవారికి ఇది వెంటనే అబ్బదు. రెండో రోజుకు గానీ వేళ పట్టుబడదు.

రాత్రి పడుకునే దుస్తులు వేరుగా ఉండాలి. ఎట్టి పరిస్థితిలోనూ వాటిని పగలు ధరించకూడదు. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు ముద్రించి ఉంటాయి. వాటిలో ‘కంఫర్ట్’ అని రాసి ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. ‘ఎక్స్‌ట్రీమ్’ అన్న అంకె ప్రాణం నిలుస్తుందని మాత్రమే చెబుతుంది, నిద్ర పడుతుందని కాదు. కింద పరిచే ఫోమ్ చాప లేకపోతే ఎంత మంచి స్లీపింగ్ బ్యాగ్ అయినా నేల చల్లదనాన్ని ఆపలేదు. వేడి నీళ్లు నింపి బిగించిన స్టీలు సీసాను మేజోడులో దూర్చి పాదాల దగ్గర పెట్టుకోవడం పర్వత ప్రాంతాల్లో అందరూ పాటించే ఉపాయం. తెల్లవారేసరికి ఆ నీరే తాగడానికి పనికివస్తుంది. ఫోను, బ్యాటరీలు కూడా రాత్రి స్లీపింగ్ బ్యాగ్ లోపలే ఉండాలి. చలికి బ్యాటరీ చార్జి త్వరగా పడిపోతుంది.

బూట్ల విషయంలో ఒకటే నియమం: కొత్తవి వద్దు. చీలమండ వరకు పట్టి ఉంచే ట్రెక్కింగ్ బూట్లను కనీసం మూడు వారాల ముందే కొని, రోజూ వేసుకొని తిరగాలి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తోసుకుపోతాయి కనుక కొంత ఖాళీ ఉండాలి, గోళ్లు కత్తిరించుకోవాలి. మంచు మీద ఎండ కళ్లను దెబ్బతీస్తుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు పది శాతం పెరుగుతుంది. నల్లకళ్లద్దాలు, సన్‌స్క్రీన్, పెదవులకు రాసుకునే లేపనం అలంకార సామగ్రి అనుకొని మగవారు ఇంట్లో వదిలేసి వెళ్లడం తరచూ కనిపిస్తుంది. మూడో రోజున తోటివారిని అడిగి తీసుకునేది కూడా వాటినే.

సంచి కట్టకముందు రక్త పరీక్ష

తర్లగూడ వంటి గిరిజన ప్రాంతాల వారికి ఏ ట్రెక్కింగ్ జాబితాలోనూ కనిపించని జాగ్రత్త ఒకటుంది. మధ్య భారత గిరిజన సమూహాల్లో సికిల్ సెల్ జన్యులోపం గణనీయంగా ఉంది. ఎర్రరక్త కణాలు ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలి ఆకారానికి మారి రక్తనాళాల్లో అడ్డుపడటం ఈ వ్యాధి లక్షణం. ఎత్తైన పర్వతాల మీద తగ్గేది ప్రాణవాయువే. 4,000 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 60 శాతం, 5,500 మీటర్ల వద్ద సగం. సికిల్ సెల్ వ్యాధిగ్రస్తులు ఇలాంటి యాత్రలకు దూరంగా ఉండవలసిందే. వ్యాధి లేకుండా జన్యువును మాత్రమే కలిగి ఉన్న వాహకులు రోజువారీ జీవితంలో పూర్తి ఆరోగ్యంగా ఉంటారు. తమలో ఆ లక్షణం ఉన్నట్లు చాలామందికి తెలియదు కూడా. అటువంటి వారిలో కొందరికి ఎత్తైన ప్రదేశాల్లో ప్లీహానికి రక్తప్రసరణ ఆగిపోయి, ఎడమ పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ కింద ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు చేసి, ఫలితంతో కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఉన్నవారు దానిని వైద్యునికి చూపించి, లేనివారు పరీక్ష చేయించుకొని, ఆ తరువాతే బూట్లు కొనుక్కోవడం మేలు. ఇక్కడే మరో మాట. బస్తర్ మలేరియా ప్రభావిత ప్రాంతం. ఇంటి దగ్గర కుట్టిన దోమ వల్ల జ్వరం రెండు వారాల తరువాత కొండ మీద బయటపడవచ్చు. తలనొప్పి, వాంతులు చూసి ఎత్తు ప్రభావమేనని అందరూ పొరబడే అవకాశం ఉంది. తాము ఎక్కడి నుంచి వచ్చామో గైడుకు, వైద్యునికి మొదటే చెప్పాలి. రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారు తమ మందులను రెట్టింపు పరిమాణంలో తీసుకొని, సగం చిన్న సంచిలో, సగం పెద్ద సంచిలో ఉంచుకోవాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు కనుక దానిని ఒంటికి ఆనుకొని ఉండేలా లోపలి జేబులో ఉంచాలి.

ఎత్తు వల్ల కలిగే అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాత మొదలవుతుంది. తూర్పు కనుమల్లోని అత్యున్నత శిఖరం జింధగడ ఎత్తు 1,700 మీటర్ల లోపే. అంటే, తమ శరీరం ఎత్తును ఎలా తట్టుకుంటుందో సొంత ప్రాంతంలో పరీక్షించుకునే వీలు తెలుగువారికి లేదు. మైదానంలో పది కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తేవారికీ ఈ అస్వస్థత రావచ్చు. తలనొప్పి, వికారం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం తొలి సూచనలు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, దగ్గులో గులాబీ రంగు నురగ కనిపించినా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్లు అర్థం. నడక తడబడటం, మాట పొంతన తప్పడం మెదడు వాపునకు సంకేతాలు. మడమకు మునివేళ్లు తగిలేలా సరళరేఖ మీద నడవమంటే నడవలేని మనిషిని రాత్రయినా సరే వెంటనే కిందికి దింపాలి. దిగడమే అసలైన చికిత్స. చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొన్ని నిమిషాలకు మించి రావు. వాటి ధైర్యంతో పైకి వెళ్లడం పొరపాటు.

3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి తీసుకోవాలని పర్వత వైద్య నిపుణులు సూచిస్తున్నారు. విమానంలో నేరుగా సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌కు చేరేవారు తొలి 48 గంటలు విశ్రాంతిలో ఉండాలని అక్కడి అధికారులు కోరుతున్నారు. అందువల్ల ప్రయాణ ప్రణాళికలో రెండు ఖాళీ రోజులను కూడా సంచిలో పెట్టుకోవలసిన వస్తువుగానే లెక్కించాలి. ఎసిటజోలమైడ్ మాత్రలు శరీరం ఎత్తుకు అలవాటుపడటానికి తోడ్పడతాయి. సల్ఫా మందులు పడనివారికి అవి ప్రమాదం కావచ్చు కనుక, వైద్యుని సలహాతో, వీలైతే ఊళ్లోనే ఒకసారి వేసుకొని చూడాలి.

వంటింటి నుంచి ఏం తీసుకెళ్లాలి

ఎత్తున ఆకలి మందగిస్తుంది. శిబిరంలో పెట్టే గోధుమ రొట్టె, పప్పు రుచించక ముద్ద దిగని తెలుగువారు రెండో రోజుకే నీరసపడటం సాధారణం. 4,000 మీటర్ల వద్ద నీరు సుమారు 87 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ప్రెషర్ కుక్కర్ లేనిదే అన్నం సరిగా ఉడకదు, పప్పు అసలే ఉడకదు. ఇంట్లో తయారైన పొడి తినుబండారాలు అక్కడ ఎంతో ఉపయోగపడతాయి. పల్లీపట్టీలు, వేయించిన అటుకులు, సున్నుండలు, ఎండు ఖర్జూరం, బస్తర్‌లో చేసే ఇప్పపువ్వు లడ్డూలు తక్కువ బరువులో ఎక్కువ శక్తినిస్తాయి. చిన్న డబ్బాలో కరివేపాకు పొడి గానీ నిమ్మకాయ ఊరగాయ గానీ ఉంటే అన్నం గొంతు దిగుతుంది. ఇప్పసారా, మరే ఇతర మద్యం మాత్రం వద్దు. చలికి మద్యం వెచ్చదనం ఇస్తుందన్నది భ్రమ. చర్మానికి రక్తం ఎక్కువై శరీరం వేడిని ఇంకా త్వరగా కోల్పోతుంది. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీరు తాగాలి. అతి చలి రోజుల్లో సీసాను తలకిందులుగా పెట్టుకుంటే మంచు అడుగు వైపు కడుతుంది, మూత దగ్గర నీరు మిగులుతుంది.

పెద్ద సంచి గురించి చెప్పుకోవలసింది తక్కువ. నిర్వాహకులు దాని బరువును చాలా చోట్ల 8 నుంచి 10 కిలోలకు పరిమితం చేస్తారు. పైన వేసే వాన ముసుగును గాలి ఎగరగొట్టవచ్చు కనుక, లోపల మందపాటి పాలిథిన్ సంచిని పరిచి అందులో బట్టలు పెట్టడం నమ్మకమైన పద్ధతి. తానే మోసేవారు స్లీపింగ్ బ్యాగును అడుగున, బరువైన వస్తువులను వెన్నుకు ఆనించి మధ్యలో, వాన జాకెట్టును అన్నిటికంటే పైన ఉంచాలి. బరువు భుజాల మీద కాక నడుము పట్టీ మీద పడేలా బిగించుకోవాలి. మేడారం జాతరకు మూటలు నెత్తిన పెట్టుకొని అడవి దారిన నడిచిన తరం వారికి ఈ సూత్రం చెప్పనక్కర్లేదు. బరువు వెన్నెముకకు సూటిగా ఉంటేనే దూరం నడవగలమని వారికి తెలుసు.

అన్నీ కొనుక్కోవలసిన అవసరం కూడా లేదు. డెహ్రాడూన్, మనాలి వంటి చోట్ల జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు, ఊతకర్రలు అద్దెకు దొరుకుతాయి. బూట్లు, లోపలి దుస్తులు, మేజోళ్లు మాత్రం సొంతవే ఉండాలి. ఈ రంగంలో కొనసాగాలనుకునే యువతకు డార్జిలింగ్‌లో 1954లో నెలకొల్పిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో 1965లో ఏర్పాటైన నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ సుమారు నెల రోజుల ప్రాథమిక కోర్సులను నిర్వహిస్తున్నాయి. శిక్షణకు అవసరమైన ప్రధాన సామగ్రిని సంస్థలే ఇస్తాయి. సంచికి డబ్బు పోయడం కంటే ఈ కోర్సుకు దరఖాస్తు చేయడం తెలివైన ఖర్చు.

తర్లగూడ మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి వరంగల్‌ను కలుపుతుంది. వరంగల్, కాజీపేటల నుంచి ఢిల్లీకి నేరుగా రైళ్లున్నాయి. వంట గ్యాస్ డబ్బాలను రైలులో గానీ విమానంలో గానీ తీసుకెళ్లడం నిషిద్ధం. విమానంలో పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. ఉపగ్రహ ఫోన్లను అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. పై ఊళ్లలో ఏటీఎంలు ఉండవు కనుక చిల్లర నోట్లు, గుర్తింపు కార్డు నకళ్లు, వైద్య ధ్రువపత్రం ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి.

బయలుదేరడానికి రెండు వారాల ముందు, రెండు సంచుల బరువూ కలిపి వీపున వేసుకొని ఒక రోజంతా కొండ ఎక్కి దిగడం మంచి పరీక్ష. బస్తర్ వారికి దంతెవాడ జిల్లా ఫరస్‌పాల్ సమీపంలో, బైలడిల్లా కొండల మీదున్న ఢోల్కల్ గణపతి విగ్రహం వద్దకు సాగే అడవి దారి ఇందుకు అనువైనది. ఎత్తుకు శరీరం అలవాటుపడటం అక్కడ జరగకపోయినా, ఏ పట్టీ భుజాన్ని కోస్తున్నదో, ఏ బూటు మడమను ఒరుస్తున్నదో, వాన జాకెట్టు చేతికి అందే చోట ఉందో లేదో తెలిసిపోతుంది. ఇంటికి వచ్చాక రెండు సంచులనూ నేల మీద గుమ్మరించి, పెద్ద సంచిలో వాడకుండా మిగిలిన వాటిని పక్కన పెట్టేయవచ్చు. చిన్న సంచిలోంచి మాత్రం, ఆ రోజు వాడకపోయినా, ఏదీ తీయకూడదు.